తలుపు సందు చెప్పిన సంగతి: ఒక ఎమ్‌జీబీ కొనుగోలు కేస్ స్టడీ

పాత స్పోర్ట్స్ కార్లు కొనాలనుకునేవాళ్ల తరఫున బండి చూసిపెట్టడం నా పని. చూసి కొనమనో వద్దనో చెప్తాను. కొన్నాక మొదటి ఏడాది మరమ్మతులు కూడా చాలావరకు నా షెడ్డులోనే జరుగుతాయి కాబట్టి, నేను చెప్పిన మాట తప్పైతే ఆ ఫలితం నా కళ్ల ముందే ఉంటుంది. ఈ కేసులో నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటి నిలబడింది. నేను చూడకుండా వదిలేసిన విషయం ఒకటి ప్రమాదం అంచు దాకా వెళ్లింది. రెండూ రాస్తున్నాను.

కొనేవారు నలభై దాటిన ఒక ఉద్యోగిని. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి ఆవిడకు మంచి కారే ఉంది. ఇది వారాంతాల్లో టాప్ తీసి నడపడానికి, ఖాళీ దొరికినప్పుడు తన చేత్తో పని చేసుకోవడానికి. నా దగ్గరకు వచ్చేసరికే ఒక ఎర్ర ఎమ్‌జీబీ (ఎమ్‌జీ కంపెనీ తయారు చేసిన పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఫోటోలు ఫోన్‌లో ఉన్నాయి. "మీరు ఒక్కసారి చూసి ఓకే అంటే రేపే అడ్వాన్స్ ఇచ్చేస్తానండీ" అన్నారు.

బండి సంగతి పక్కన పెట్టి ముందు ఆవిడను నాలుగు ప్రశ్నలు అడిగాను. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు నడుపుతారు? బండి నిలబెట్టే చోట పైకప్పు ఉందా? మూడు వారాలు షెడ్డులోనే ఉండిపోతే మీకు ఇబ్బందా? చిన్న పనులు ఎవరు చేస్తారు? రెండు మూడు వేల కిలోమీటర్లు, కప్పున్న పార్కింగ్, ఇబ్బంది లేదు, నేర్చుకుని నేనే చేస్తాను, అన్నారు. నాలుగూ మంచి జవాబులే. పార్కింగ్‌కు కప్పు లేదని చెప్పి ఉంటే ఈ కారు వద్దనే చెప్పేవాణ్ని. గుడ్డ టాపున్న పాత బండి వానలో నిలబడితే తుప్పును ఎవరూ ఆపలేరు.

ఐదో విషయం డబ్బు. ఆవిడ మొత్తం బడ్జెట్‌ను వంద పాళ్లు అనుకుందాం. అందులో అరవై ఐదు పాళ్లకు మించి బండి మీద పెట్టొద్దని చెప్పాను. మిగతాది మొదటి ఏడాది కోసం. ఆవిడకు ఇది నచ్చలేదు, ఎందుకంటే ఎర్ర బండి ధర తొంభై పాళ్ల దగ్గర ఉంది.

ఎమ్‌జీబీయే ఎందుకు

కారు ఎంపికలో ఆవిడతో నాకు పేచీ లేదు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో ఐదు లక్షలకు పైగా ఎమ్‌జీబీలు తయారయ్యాయి. అన్ని బళ్లు ఉండటంతో స్పేర్ పార్టులకు ఇప్పటికీ కరువు లేదు. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు ఈ కారుకు కొత్త బాడీ షెల్ మొత్తంగా తయారు చేయడం మొదలుపెట్టారంటే, మిగతా పార్టుల సంగతి ఊహించుకోవచ్చు. 1798 సీసీ ఇంజిన్, రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగాలు), వెనక ఆకు పట్టీల స్ప్రింగులు. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

తక్కువ తలనొప్పి కావాలంటే 1989లో వచ్చిన మొదటి తరం మజ్డా ఎమ్‌ఎక్స్-5 చూడమని కూడా చెప్పాను. నడపడానికి అది ఎన్నో రెట్లు సులువు. ఆవిడకు కార్బ్యురేటర్ విప్పి బిగించడం నేర్చుకోవాలని ఉంది. అదే కోరిక అయినప్పుడు ఎమ్‌జీబీయే సరైనది.

ఒక విషయం మాత్రం ముందే చెప్పాను. ఈ కారులో ఇంజిన్‌ పాడైతే బాగుచేయొచ్చు. గేర్‌బాక్స్ మార్చొచ్చు. బాడీ కుళ్లితే ఆ ఖర్చుకు మరో ఎమ్‌జీబీ వస్తుంది. ఎమ్‌జీబీకి కింద విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. పైకప్పున్న కారులో బరువును కప్పు కూడా పంచుకుంటుంది. టాప్‌లెస్ కారులో ఆ పని ఎక్కువగా తలుపుల కింద పొడవునా సాగే సిల్‌ల మీద పడుతుంది. ఎమ్‌జీబీ సిల్ ఒక్క రేకు కాదు. బయటి సిల్, లోపలి సిల్, రెండింటి మధ్య ఒక నిలువు రేకు, కింద కోట బురుజుల్లా పళ్లు పళ్లుగా ఉండే కాజిల్ సెక్షన్. ముందు చక్రం ఎగజిమ్మిన బురద మడ్‌గార్డు లోపల వెనక మూలన పేరుకుని తడిగానే ఉండిపోతుంది. తుప్పు అక్కడ మొదలై సిల్ లోపలికి పాకుతుంది. బయటికి బుడగ కనిపించేసరికి లోపలి రేకు సగం పోయి ఉంటుంది.

ఎర్ర బండి

క్రోమ్ బంపర్లు, వైర్ వీల్స్, అద్దంలా మెరిసే పెయింట్. ఆవిడ కళ్లు దాని మీద నుంచి పక్కకు తిరగలేదు. తప్పు పట్టను, చాలా అందమైన బండి.

నేను ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. మేము వస్తున్నామని తెలిసీ ఇంజిన్ ముందే స్టార్ట్ చేసి ఉంచారు. చల్లటి ఇంజిన్ మొదటిసారి ఎలా అందుకుంటుంది, పొగ ఏ రంగులో వస్తుంది, ఆయిల్ ప్రెషర్ ఎంతసేపటికి లేస్తుంది అన్నవి ఇక చూడలేను. ఇది ఒక్కటే నేరం కాదు కానీ మనసులో గుర్తు పెట్టుకున్నాను.

తర్వాత తలుపు. మూసి, వెనక అంచు దగ్గర సందు కొలిచాను. కింద 6 మిల్లీమీటర్లు ఉంది. పైన 3. అంటే నడుము దగ్గర కారు కొద్దిగా కుంగి, తలుపు చోటు పైన ఇరుకైంది. కొన్ని బళ్లలో తలుపు బిగింపు సరిగ్గా లేకపోయినా ఇలా ఉంటుంది కాబట్టి అక్కడితో తీర్పు చెప్పకూడదు. యజమాని అనుమతి తీసుకుని, సిల్ మధ్యలో జాకీ పాయింట్ దగ్గర మందపాటి చెక్క ముక్క వేసి మెల్లగా ఎత్తాను. అటు పక్క రెండు చక్రాలూ నేల విడిచేసరికి పై సందు 7 అయింది. మధ్యలో ఎత్తినప్పుడు ముందు, వెనక భాగాల బరువు కిందికి లాగుతుంది. సిల్ గట్టిగా ఉంటే ఆ లాగుడును తట్టుకుంటుంది, సందు కదిలినా వెంట్రుక వాసి. ఇక్కడ 4 మిల్లీమీటర్లు కదిలింది. దించేటప్పుడు సిల్ లోపల రేకు నలిగినట్టు సన్నగా కరకరమంది. ఆ చప్పుడు ఆవిడకు కూడా వినిపించింది.

మోకాళ్ల మీద కూర్చుని సిల్ చూశాను. తలుపు ముందు అంచుకు కింద, మడ్‌గార్డు అడుగు భాగం సిల్‌తో కలిసేచోట నిలువుగా ఒక అతుకు గీత ఉండాలి. ఎమ్‌జీబీలో అది ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది. ఈ బండికి లేదు. ముందు నుంచి వెనకదాకా నున్నగా ఒకే ముక్క. ఎందుకంటే బయటి సిల్‌ను పద్ధతిగా మార్చాలంటే ముందు, వెనక మడ్‌గార్డుల అడుగు భాగాలు కోయాలి, అది రోజుల పని. దానికి బదులు కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు తొడుగులా అతికించి, పుట్టీ పెట్టి, రంగు కొట్టేస్తారు. బయటికి కొత్త సిల్. లోపల పాత తుప్పు, ఇప్పుడు గాలి కూడా ఆడని చోట. గుడ్డ చుట్టిన చిన్న మాగ్నెట్ పెడితే వెనక చక్రం ముందర రెండు అరచేతులంత మేర అంటుకోలేదు. అంత మందాన పుట్టీ ఉంది. కారు అడుగంతా నల్లటి అండర్‌కోటింగ్ తాజాగా పూసి ఉంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చంగా అదే.

యజమాని మోసగాడని నేను అనుకోవడం లేదు. ఆయన కొన్నప్పుడే ఈ పని జరిగి ఉందని చెప్పారు, నమ్మాను. ఆయన ఇంజిన్ మీద నిజంగానే ప్రేమగా ఖర్చు పెట్టారు. కానీ ఇంజిన్‌ను మోసే బాడీ ఇలా ఉంటే ఆ ఖర్చు కొనేవాళ్లకు పనికిరాదు.

బయటికి వచ్చాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "ఇంత బాగున్న బండిని వద్దంటున్నారంటే నాకు ఇంకా నమ్మబుద్ధి కావట్లేదండీ" అన్నారు. తలుపు సందు కొలిచిన రెండు ఫోటోలూ పంపించాను. రాత్రికి ఆవిడే వద్దన్నారు.

రెండో బండి

ఇది జీటీ, అంటే వెనక గాజు తలుపున్న, కప్పున్న రకం. 1965లో వచ్చింది. రోడ్‌స్టర్ (టాప్ తీసే రకం) కంటే సాధారణంగా చవక, కప్పు ఉండటంతో బాడీ గట్టిదనమూ ఎక్కువ. ఆవిడ సగం మనసుతోనే ఒప్పుకున్నారు. పది నిమిషాల్లో తిరిగి వచ్చేశాం. బండి మీది చాసిస్ నంబరుకు, కాగితాల్లోని చాసిస్ నంబరుకు రెండు అంకెలు తేడా. అచ్చు తప్పే కావచ్చు, దాన్ని సరిచేయించి అమ్మాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదే. ఆ పని కొన్నాక చేద్దామనుకుంటే ఏళ్లు పడుతుంది.

వెలిసిపోయిన పచ్చ బండి

మూడోది 1978 రోడ్‌స్టర్. ఆకుపచ్చ రంగు వెలిసి సుద్దలా ఉంది. నల్ల రబ్బరు బంపర్లు. అవి ఆవిడకు అసలు నచ్చవు. ఎక్కువమందికి నచ్చవు, అందుకే ఈ బళ్లు చవక. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం ఎమ్‌జీ వాళ్లు ఈ బంపర్లు పెట్టి, బాడీ ఎత్తును కూడా పెంచారు. దాంతో మలుపుల్లో ఒరగడం ఎక్కువైంది. 1976లో యాంటీ రోల్ బార్లు (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీలు) మార్చాక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది. కాబట్టి రబ్బరు బంపర్ కొనాలంటే 1976 తర్వాతదే కొనమని చెప్తుంటాను.

ఉదయం వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉంది. చోక్ లాగితే రెండో తిప్పుకు అందుకుంది. కాస్త నీలం పొగ వచ్చి నిమిషంలో ఆగింది. వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ 20 పీఎస్‌ఐ, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర 55. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) నాలుగు సిలిండర్లలోనూ పది శాతం తేడా లోపే.

తలుపు సందు పైన 5, కింద 5. జాకీ మీద ఎత్తితే పైన అర మిల్లీమీటరు కూడా కదల్లేదు. సిల్ మీద నిలువు అతుకు గీత ఉంది. యజమాని ఒక పాత ఆల్బమ్ తెచ్చి చూపించారు. పదేళ్ల కిందట సిల్‌లు మార్పించినప్పుడు ప్రతి దశలోనూ తీసిన ఫోటోలు. మడ్‌గార్డు కోసిన ఫోటో, లోపలి నిలువు రేకు కొత్తది పెట్టిన ఫోటో, వెల్డింగ్ సమయంలో బాడీ వంగకుండా తలుపు చోటులో అడ్డంగా బిగించిన ఇనుప పట్టీ కూడా అందులో ఉంది. ఆ పట్టీ చూశాక నాకు టెన్షన్ తగ్గింది. పని తెలిసినవాళ్లు మాత్రమే దాన్ని పెడతారు.

లోపాలు లేవని కాదు. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కితే వెనక నుంచి "టక్" మనేది. ఆవిడ భయపడ్డారు. ఎమ్‌జీబీలో ఇది మామూలుగా వచ్చేదే, డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు పంచే భాగం) లోని థ్రస్ట్ వాషర్లు అరిగితే ఆ చప్పుడు వస్తుంది. వాషర్లు చవక, విప్పి బిగించడానికే శ్రమ. బ్రేక్ నొక్కితే బండి ఎడమకు లాగుతోంది. టైర్లు పైకి కొత్తగానే ఉన్నాయి కానీ పక్కన చెక్కిన తేదీ కోడ్ 2211, అంటే 2011లో 22వ వారం. గట్టిపడి రాయిలా అయ్యాయి.

ఓవర్‌డ్రైవ్ (టాప్ గేర్‌లో ఇంజిన్ వేగం తగ్గించే అదనపు గేరు) పోయిందని యజమానే ముందుగా చెప్పి ధర తగ్గించారు. ఈ మోడల్‌లో దాని స్విచ్ గేర్ లివర్ గుబ్బ మీద ఉంటుంది, గేరు మార్చిన ప్రతిసారీ లోపలి సన్నటి వైర్లు నలిగి తెగుతుంటాయి. అడిగి, గేర్‌బాక్స్ దగ్గర, కరెంటుతో దాన్ని పని చేయించే సొలినాయిడ్‌కు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూశాను. టక్కుమంది. లోపల బాగానే ఉంది, తెగింది వైరే అయి ఉంటుంది. ఈ మాట యజమానికి చెప్పకుండా కొనడం నాకు ఇష్టం లేదు. ఆవిడను అడిగితే "చెప్పేయండి" అన్నారు. చెప్పాం. ఆయన నవ్వి, చెప్పిన ధర చెప్పిందే అన్నారు. వంద పాళ్లలో 58కి బేరం కుదిరింది.

మొదటి నెల

బండి నడపకముందే నాలుగు టైర్లు మార్చాం. బ్రేక్ గొట్టాలన్నీ కొత్తవి వేశాం. ముందు ఎడమకు లాగడానికి కారణం కుడి వైపు గొట్టం లోపల ఉబ్బి ఆయిల్‌ను ఆపేయడమే. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది, పాత రబ్బరు దానికి తట్టుకోలేదు, అందుకని పెట్రోల్ పైపులూ మార్చాం. ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసులైన కింగ్‌పిన్‌లకు గ్రీజు పట్టించాం. ఇవి ఐదు వేల కిలోమీటర్లకోసారి గ్రీజు అడుగుతాయి, ఈ కారులో ఎక్కువమంది మర్చిపోయే పని ఇదే. ఓవర్‌డ్రైవ్ వైరు ఆవిడే సోల్డర్ చేశారు. మొదటిసారి టాప్ గేర్‌లో గుబ్బ మీది స్విచ్ జరిపి, ఇంజిన్ వేగం దాదాపు 18 శాతం తగ్గడం విన్నప్పుడు ఆవిడ ముఖంలో వచ్చిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది. కార్బ్యురేటర్ల థ్రాటిల్ స్పిండిల్ (లోపలి గాలి తలుపును తిప్పే కడ్డీ) అరిగి పక్క నుంచి గాలి పీలుస్తున్నాయి, ఐడ్లింగ్ నిలవడం లేదు. రెండింటినీ విప్పి కొత్త స్పిండిల్‌లు వేయడానికి ఆవిడకు మూడు ఆదివారాలు పట్టింది, నేను పక్కన నిలబడి చూశానంతే. డిఫరెన్షియల్ వాషర్లు మాత్రం నేనే వేశాను. అన్నిటికీ కలిపి 23 పాళ్లు అయ్యాయి.

నేను చూడనిది

పనులన్నీ అయి బండి ఇంటికి వెళ్లిన మూడో రోజు ఆవిడ ఫోన్ చేశారు. దూర ప్రయాణం అనుకుని మొదటిసారి ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టించారు. ఇంటికి వచ్చేసరికి వాసన. డిక్కీ తెరిస్తే కళ్లు మండేంత వాసన. "స్టార్ట్ చేయొద్దు, స్విచ్ కూడా ముట్టుకోవద్దు, బండిని నెట్టి బయట గాలి ఆడేచోట పెట్టించండి" అని చెప్పి బయల్దేరాను.

పెట్రోల్ తోడేసి ట్యాంకు దించాను. అడుగు భాగం చక్కగా ఉంది. కొనేముందు నేను కింద నుంచి చూసి, వేలితో తట్టి, బాగుందని రాసింది ఆ భాగమే. పైభాగంలో ఐదారు చోట్ల సూది బెజ్జాలు. ఎమ్‌జీబీలో ట్యాంకు డిక్కీ నేలకు ఆనుకుని వేలాడుతుంది. ఆ రెండింటి మధ్య సందులో తడి మట్టి చేరితే ఎండదు, ట్యాంకు పై నుంచి తుప్పు పడుతుంది. కింద పడుకుని చూసేవాడికి ఆ భాగం కనిపించదు. మేము చూసిన రోజున, నా షెడ్డులో ఉన్న నెలంతా ట్యాంకులో పెట్రోల్ పావు వంతే ఉంది, అందుకే కారలేదు, వాసనా లేదు.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. బాడీ అంత బాగుండటంతో అడుగు భాగం చూసి తృప్తి పడ్డాను, ఆ ఒక్క తనిఖీ తగ్గించుకున్నాను. ట్యాంకు పక్క నుంచే వేడి సైలెన్సర్ పైపు పోతుంది. దారిలో ఏమైనా జరిగి ఉంటే అన్న ఆలోచన చాలా రోజులు వదల్లేదు. ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొత్త ట్యాంకు, పైన ఆనే చోట కొత్త పట్టీలు కలిపి 5 పాళ్లు, దానికి నా కూలీ తీసుకోలేదు. అప్పటి నుంచి బండి చూడటానికి వెళ్లే ముందు రోజే, నా ఖర్చుతోనైనా సరే, ట్యాంకు నిండా కొట్టించి ఉంచమని అమ్మేవాళ్లను అడుగుతున్నాను. రాత్రంతా నిండుగా నిలబడిన బండి ఉదయాన వాసన రాకుండా ఉంటేనే ముందుకు వెళ్తాను.

పద్నాలుగు నెలల తర్వాత

ఇప్పటికి 3,100 కిలోమీటర్లు తిరిగింది. పాత ఇనుప సిలిండర్ హెడ్‌లో వాల్వ్ సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) సీసం లేని పెట్రోల్‌తో అరిగిపోతాయని ఆవిడ ఎక్కడో విని, హెడ్ విప్పించి గట్టి సీట్లు వేయిద్దామన్నారు. ఆగమన్నాను. సీట్లు అరుగుతుంటే వాల్వ్ గ్యాప్ తగ్గుతూ వస్తుంది. ముందు అది కొలుద్దాం అన్నాను. 500 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 1500 దగ్గర ఒకసారి, ఇప్పుడు ఇంకోసారి ఎనిమిది వాల్వులూ చల్లగా ఉన్నప్పుడు కొలిచాం. 0.38 మిల్లీమీటర్ల దగ్గరే ఉన్నాయి. హెడ్ జోలికి వెళ్లలేదు. ఆయిల్ మాత్రం 20డబ్ల్యూ-50, అదీ జింకు తగినంత ఉన్నదే వాడమన్నాను, ఈ ఇంజిన్ క్యామ్‌కు (వాల్వులను తెరిచే ఇరుసుకు) అది అవసరం.

వంద పాళ్లలో ఇంకా 14 మిగిలాయి. రంగు వేయిద్దామా అని అడిగారు. వెనక స్ప్రింగుల బుష్‌లు (రబ్బరు తొడుగులు) మొదట, ఎడమ ముందు డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) నుంచి ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది, అది తర్వాత. రంగు సంగతి ఆ పైన చూద్దాం అని అనుకున్నాం. పచ్చ రంగు వెలిసిపోయినా ఇప్పుడు ఆవిడకు అది అలవాటైంది.

మొన్న సర్వీసుకు వచ్చినప్పుడు అదే చెక్క ముక్క, అదే చోట జాకీ వేసి తలుపు సందు మళ్లీ కొలిచాను. కొలత బద్ద ఆవిడే పట్టుకున్నారు. పైన 5, కింద 5. చక్రాలు లేచాక కూడా పైన 5.